పందెపుటాటలో ఆటగాని బండి

సాయంకాలము ఆరుగంటలవేళ అమీరుపేటలో మైత్రీవనము ఎదుట నిలిచి చూచినవారికి ఒక చిత్రమైన దృశ్యము కనబడును. పేరునకు వనమేగాని అక్కడ వృక్షములకంటె పలకలెక్కువ. జావా, పైథాను, ఒరాకిలు, టెస్టింగు అను మాటలు గోడలనిండ వ్రేలాడుచుండును. పైన మెట్రోరైలు వంతెన, క్రింద సిటీబస్సులు, ఆటోలు, మోటారుసైకిళ్లు. వాటి నడుమ భుజమున సంచి తగిలించుకొని, శ్రీకాకుళమునుండియు, అనంతపురమునుండియు, ఆదిలాబాదునుండియు వచ్చిన యువకులును యువతులును గుంపులుగా పోవుచుందురు. నగరాభివృద్ధి సంస్థయైన హుడా కట్టించిన ఒక భవనమునకు పెట్టిన పేరు కాలక్రమమున ఆ చుట్టుపట్లనున్న సందులన్నిటికిని, అచ్చట నేర్పెడు విద్యకును పేరైపోయినది. నేడు చాలమంది ఆ పాఠములను ఇంటికడనే కంప్యూటరు తెరమీద వినుచున్నారు. అయినను మైత్రీవనమనగానే ఉద్యోగమునకై సాఫ్ట్‌వేరు నేర్చుకొనుచోటు అని తెలుగువారికి ఇప్పటికిని తోచును.

నేను ఈ పావుగంటలో చెప్పదలచినది ఆ పాఠములను గూర్చి కాదు. ఆ విద్యార్థులు రాత్రివేళ హాస్టలు గదికి పోయి, భోజనమైన పిమ్మట కొంతసేపు ఆడుకొను కారుపందెముల ఆటను గూర్చి. అందులో ఒక ప్రశ్న ఉన్నది. ఆటను ఒక సంస్థ తయారుచేయును. ఆడువాడు తాను స్వయముగా కల్పించిన కారును ఆ ఆటలోనికి తెచ్చుకొనవచ్చునా, కూడదా? ఇది పిల్లల తగాదావలె వినబడునుగాని, కొంచెము లోతుగా చూచినచో, ఒకరు కట్టిన యంత్రమును మరియొకరు విప్పి చూడవచ్చునా, దానికి తన పని చేర్చవచ్చునా అను పెద్దప్రశ్న అందులో ఇమిడియున్నది.

ముందుగా ఆ ఆట ఎట్టిదో తెలిసికొందము. కారుపందెముల ఆటలలో రెండు తెగలు కలవు. ఒకటి కేవలము వినోదమునకైనది. అందులో కారు గోడకు కొట్టుకొని మరల పరుగెత్తును. రెండవది సిమ్యులేషను. అనగా నిజమైన బండి నిజమైన బాటమీద ఎట్లు ప్రవర్తించునో అట్లే ప్రవర్తింపజేయుటకు యత్నించునది. దీనిని ఆడువారు బల్లకు స్టీరింగు చక్రమును బిగించుకొని, కాళ్లక్రింద బ్రేకు, క్లచ్చి, యాక్సిలరేటరు అమర్చుకొని కూర్చుందురు. ఇందులో కారు అనునది బొమ్మ కాదు. అది ఒక లెక్కల కట్ట. కంటికి కనబడు పైరూపము వేలకొలది చిన్న త్రికోణములతో అల్లిన వల. దాని లోపల బండి బరువెంత, ఆ బరువు ముందుచక్రములమీద ఎంత, వెనుకచక్రములమీద ఎంత, స్ప్రింగులు ఎంత బిగువు, ఇంజను ఏ వేగమున తిరిగినప్పుడు ఎంత బలము నిచ్చును, గేరుపండ్ల నిష్పత్తి యేమి, గాలి ఎంత అడ్డగించును అను అంకెలుండును. కంప్యూటరు ఈ అంకెలను సెకనునకు వందలసారులు లెక్కించి, మలుపులో బండి నిలుచునా, జారునా అని నిర్ణయించును.

ఈ రూపమును ఈ అంకెలను ఆటగాడు తానే తయారుచేసి ఆటలో చేర్చినచో దానిని మాడ్ అందురు. ఇది ఎంతపనియో ఒక ఉదాహరణముచే చెప్పెదను. మైత్రీవనపు హాస్టలులోనున్న ఒక విద్యార్థి తన తాతగారి అంబాసిడరు కారును ఆటలో చూడగోరినాడనుకొందము. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 2014 వరకు తయారైన ఆ కారును మన సచివాలయములయెదుట, కలెక్టరు కచేరీలయెదుట చూడని తెలుగువాడుండడు. కాని పరదేశమందలి ఆటల సంస్థవారికి దానిని కల్పించుటలో లాభము తోచదు. కావున మనవాడే పూనుకొనవలెను. పైరూపము కల్పించుటకు నలుప్రక్కలనుండి తీసిన ఛాయాచిత్రములు చాలవు, కొలతలు కావలెను. తరువాత అంకెలు. చాలకాలము అందులో వాడిన పెట్రోలు ఇంజను 1489 ఘనసెంటీమీటర్లది. ముందుచక్రములకు మెలిదిరుగు ఇనుపకడ్డీలు, వెనుక ఇరుసునకు లారీకుండునట్టి కమాను పట్టీలు. ఈ కమాను పట్టీలకు కొట్టిన అంకె తప్పినచో తాతగారి కారు మలుపులో పందెపు కారువలె నిటారుగా నిలుచును. నడిపి చూచినవాడు వెంటనే నవ్వును. అప్పుడు ఆ విద్యార్థి మరల మెకానికు కడకు పోవలెను, పుస్తకము తీయవలెను, లెక్క సరిచూడవలెను. త్రికోణమితి, యంత్రశాస్త్రము, చిత్రలేఖనము, కంప్యూటరువిద్య ఈ నాలుగును ఒక్క కారులో కలిసినవి. ఏ పాఠశాలయు చెప్పకుండ, ఏ పరీక్షయు బెదిరింపకుండ అతడు వీటిని నేర్చుకొనును.

ఈ వాడుక క్రొత్తది కాదు. 1998 లో పపైరస్ అను అమెరికా సంస్థ గ్రాండ్ ప్రీ లెజెండ్స్ అను ఆటను వెలువరించెను. అది 1967 నాటి పందెములను చూపునది. బయటివారు బండ్లను చేర్చుటకు అందులో ఏర్పాటు లేదు. అయినను ఆటగాండ్రు దాని దస్త్రములను ఓపికతో విప్పి చదివి, తలుపు మూసియుండగా కిటికీనుండి దూరినట్లు, 1965 నాటి బండ్లను సైతము అందులో పరుగెత్తించిరి. ఆ ఆటను కొన్నవారు ఏండ్లతరబడి దానిని వదలకుండుటకు ఈ పని ఒక ముఖ్యకారణము. 2005 లో వచ్చిన ఆర్‌ఫ్యాక్టరు అను ఆట మొదటినుండియు తలుపు తెరచియే ఉంచెను. 2014 లో ఇటలీయందలి కూనోస్ సంస్థ పూర్తిగా విడుదలచేసిన అస్సెట్టో కోర్సాయు అట్టిదే. దానికి ఆటగాండ్రు కల్పించిన కార్లకును బాటలకును లెక్కలేదు. పదేండ్లు దాటినను దానిని విరివిగా ఆడుచున్నారనినచో ఆ పుణ్యము సంస్థవారిది ఎంతయో ఆటగాండ్రదియు అంతయే.

స్వీడనులో కొందరు ఆటగాండ్రు ఎఫ్‌వన్ 2002 అను ఆటకు ఇట్టి మాడ్ ఒకటి తయారుచేసి, ఆ అనుభవముతో సిమ్‌బిన్ అను సంస్థను నెలకొల్పి, జీటీఆర్ అను సొంత ఆటను వెలువరించిరి. నిన్న ఇతరుల ఆటలో బండి చేర్చినవారు నేడు ఆటయే చేసిరి. మైత్రీవనపు మెట్లమీద కూర్చున్న విద్యార్థులు ఈ సంగతిని గుర్తుంచుకొనదగును.

పందెము కాకపోయినను దీనికి దగ్గరిదైన సంగతి మన నడుమనే కలదు. 2017 లో ఇండొనేషియాలోని మాలియో అను సంస్థ సెల్‌ఫోనులో ఆడునట్టి బస్సు నడుపు ఆటను విడుదలచేసి, కొంతకాలమునకు ఆటగాండ్రు తమ బండ్లను అందులో చేర్చుకొను వీలు కల్పించెను. ఇంకేమి, దక్షిణదేశపు ఆర్టీసీ బస్సులు తమ రంగులతో, ముందుపలకలతో అందులో ప్రవేశించినవి. ఇండొనేషియాలోని వారికి మన ఎర్రబస్సు రంగు ఎట్లు తెలియును? ఆ బస్సులో ఊరికి పోయివచ్చిన కుర్రవానికే తెలియును. తలుపు తెరచినవారు ఒకరు, లోనికి తన ఊరిని తెచ్చినవాడు మరియొకడు.

ఇంతవరకు ఒక పక్షము చెప్పితిని. రెండవపక్షము చెప్పక తీర్పు చెప్పుట న్యాయము కాదు. వద్దనువారి మాటలలో బలము లేకపోలేదు.

మొదటి ఆక్షేపణ పందెపు సమత్వమును గూర్చినది. పదిమంది పదిచోట్లనుండి ఒకే పందెములో ఆడునప్పుడు, ఒకడు తన బండి బరువులో ఒక క్వింటాలు రహస్యముగా తగ్గించుకొని, పైకి మాత్రము అదే రూపము చూపినచో మిగిలినవారి నేర్పు వ్యర్థము. రెండవది దొంగతనము. కొందరు స్వయముగా బండిని కల్పింపక, వేరొక సంస్థవారి ఆటనుండి రూపమును ఊడబెరికి తెచ్చి తమదని చెప్పుకొందురు. మూడవది నాసిరకపు సరకు. కొలత లేక, లెక్క లేక, ఊహతో అంకెలు కొట్టిన బండ్లు వందలకొలది వచ్చి మంచివాటిని కప్పివేయును. నాలుగవది సంస్థవారి జీవనము. వారు ఒక్కొక్క కారును నెలలతరబడి కొలిచి తయారుచేసి వెలకు అమ్ముదురు. ఉచితముగా వందబండ్లు దొరకునప్పుడు వారిది కొనువారెవరు?

ఇందుచేతనే తలుపు మూసినవారును కలరు. 2008 లో ఆరంభమైన ఐరేసింగు అను ఆటలో ఆటగాండ్రు తమ బండికి రంగులు వేసికొనవచ్చునుగాని, సొంతబండిని తేవీలులేదు. విచిత్రమేమనగా దీనిని స్థాపించినవారిలో ఒకరైన డేవ్ కేమర్‌గారే వెనుక పపైరస్ సంస్థను నెలకొల్పి గ్రాండ్ ప్రీ లెజెండ్స్‌ను నిర్మించినవారు. ఆటగాండ్ర చేరికలు ఆటకు ఎంత ఆయుస్సు పోయగలవో ఎరిగినవారే ఈసారి తలుపు మూసిరి. నియమబద్ధమైన పందెములు నడుపుటయే ఆ ఆటకు ప్రాణము గనుక, అందరికిని ఒకే కొలతగల బండ్లుండవలెనని వారు తలచిరి. ఆ నిర్ణయమును తప్పుపట్టజాలము. కాని అది ఒక్కటియే మార్గమా?

కాదని నా తలంపు. ఇందుకు నిదర్శనము లైవ్ ఫర్ స్పీడ్ అను ఆట. స్కావెన్ రాబర్ట్సు, ఎరిక్ బెయిలీ, విక్టర్ వాన్ వ్లార్డింగెన్ అను ముగ్గురు మాత్రమే పూని కట్టిన ఆట అది. దాని మొదటి ప్రతి 2002 లో వెలువడెను. ఆడువారు ఎంత కోరినను దాదాపు ఇరువదియేండ్లు వారు బయటిబండ్లను రానీయలేదు. తుదకు 2021 డిసెంబరులో తలుపు తీసిరి. తీసినను బార్లా తీయలేదు. గుమ్మమున కావలి ఉంచి తీసిరి. బండిని కల్పించినవాడు దానిని సంస్థవారికడకు పంపవలెను. ఆటగాండ్రనుండియే ఏర్పరుపబడిన పరీక్షకులు దానిని చూతురు. రూపము ఇతరులనుండి దొంగిలించినది కాకూడదు. సొంతముగా చేసినదైనను, చేసినవారి అనుమతితో తీసికొన్నదైనను కావలెను. అంగీకరింపబడిన బండి ఒక్కచోటనే నిలువయుండును. పందెమునకు వచ్చిన ప్రతివాని కంప్యూటరునకును అదే ప్రతి, అదే అంకెలతో దిగును గనుక రహస్యముగా క్వింటాలు తగ్గించుకొనుట సులభసాధ్యము కాదు. ఏ పందెములో ఏ బండిని రానీయవలెనో ఆ పందెమును నడుపువాడు నిర్ణయించును. ఇష్టములేనివాడు పాతబండ్లతోనే పందెము నడుపుకొనవచ్చును. టైరు రబ్బరు నేలను పట్టుకొను తీరు మాత్రము ఆటకర్తలు చెప్పినదే. దానిని ఎవరును మార్చుకొనజాలరు.

ఈ ఏర్పాటును వినినప్పుడు నాకు మన గుంటూరు, ప్రకాశము సీమలలో సంక్రాంతికిని తిరునాళ్లకును జరుగు బండలాగుడు పందెములు జ్ఞప్తికి వచ్చినవి. ఒంగోలుజాతి ఎడ్లను రైతు తన యిష్టమువచ్చినట్లు పెంచుకొనును. దాణా అతనిది, తర్ఫీదు అతనిది. ఎడ్లను బోనులోనికి తెచ్చునప్పుడు పెద్దలు నోరు తెరచి పండ్లు లెక్కించి, రెండుపండ్లవా, నాలుగుపండ్లవా, ఆరుపండ్లవా అని తరగతి నిర్ణయింతురు. ఆ తరగతిలోనివారికందరికిని ఒకే బండ, ఒకే గడువు. ఎక్కువ దూరము లాగిన జత గెలుచును. ఎవరి ఎడ్లు వారివే. బండ మాత్రము అందరిదియు నొక్కటే. సొంత ఎడ్లు తేవలదని చెప్పి, పందెము జరిపించువారే అందరికిని ఎడ్లు పంచిపెట్టినచో సమత్వముండును. కాని ఆ పందెమును చూచుటకు ఎవరు పోవుదురు? ఒంగోలుజాతిని పోషించువాడు తరువాత ఎవడుండును?

పల్లెటూరి ఉదాహరణము చాలదనువారు మైత్రీవనమునుండి నాలుగైదు కిలోమీటర్ల దూరములోనున్న హుస్సేనుసాగరపు గట్టునకు రావలెను. 2023 ఫిబ్రవరి 11వ తేదీన ఆ గట్టుబాటమీద విద్యుత్కార్ల పందెమైన ఫార్ములా ఈ జరిగెను. సుమారు 2.8 కిలోమీటర్ల చుట్టు. గెలిచినవాడు ఫ్రాన్సు దేశస్థుడైన జాన్ ఎరిక్ వెర్న్. మరుసటియేడు జరుగవలసిన పందెము రద్దయ్యెనుగాని, ఆ ఒక్కనాటి పందెములో మనము నేర్వవలసినది కలదు. ఆ కార్లన్నిటికి చట్రము ఒక్కటే, బ్యాటరీ ఒక్కటే, టైర్లు ఒక్కటే. వెనుకచక్రములను త్రిప్పు మోటారు, దాని గేరుపెట్టె, దానిని నడిపించు సాఫ్ట్‌వేరు మాత్రము ఏ కంపెనీ వారివి ఆ కంపెనీవే. వాటిని ముందుగా అంతర్జాతీయ మోటారు సమాఖ్యవారు పరీక్షించి అంగీకరించిన పిమ్మటనే బాటమీదికి రానిత్తురు. అనగా నిజమైన పందెములోనే కొంత సామాన్యము, కొంత సొంతము. సొంతమైనదానికి తనిఖీ. నిజమైన పందెమునకు తగిన నియమము దానికి అనుకరణమైన ఆటకు తగదనుట ఎట్లు?

కావున తలుపు తెరువవలెనా, మూయవలెనా అనుట కంటె, గుమ్మమున ఎవరు నిలువవలెను, ఏమి పరీక్షింపవలెను అనుట సరియైన ప్రశ్న. ఆటకర్తలు మూడు నియమములను పాటించినచో చాలునని నేననుకొందును. అందరి కంప్యూటర్లలోను ఒకే ప్రతి యుండునట్లు చూచుట మొదటిది. పరులసొత్తును రానీయకుండుట రెండవది. చేసినవాని పేరు చెరుపకుండుట మూడవది. ఈ మూడవదానిని చాలమంది మరచుచున్నారు. ఆటగాడు జీతములేక రాత్రులు మేలుకొని చేసిన బండివలన ఆటకు ఆయుస్సు పెరుగును, ఆ ఆయుస్సువలన సంస్థకు రాబడి పెరుగును. ఆ రాబడిలో పాలు ఈయజాలకపోయినను, పేరు ఉంచుట, తన బండిని వెనుకకు తీసికొను హక్కు అతనికి ఉంచుట సంస్థకు ధర్మము. సంస్థవారి జీవనమును గూర్చిన ఆక్షేపణకును ఇందులోనే సమాధానము కలదు. వారు అమ్మవలసినది బండ్లనొక్కటియే కాదు. బాటను, టైరు పట్టును, పందెము నడుపు నేర్పును అమ్మవలెను. అవి బయటివారు తేలికగా చేయజాలనివి.

తుదకు మరల మైత్రీవనమునకు వత్తము. ఆ వీథులలో జిరాక్సు దుకాణములు మెండు. ఒక అధ్యాపకుడు చెప్పిన పాఠము అక్కడ కట్టలుకట్టలుగా నకలై విద్యార్థి చేతికి వచ్చును. పాఠమునకు నకలుండుటలో దోషములేదు. కాని చదువు ముగింపున చేసి చూపవలసిన ప్రాజెక్టునకు సైతము నకలుండుటయే విచారకరము. గ్రంథాలయము లెక్కలు, బ్యాంకు లెక్కలు అను పేర్లతో సిద్ధముచేసిన ప్రాజెక్టులు వెలకు దొరకును. వందమంది అదే ప్రాజెక్టును చంకనిడుకొని ఉద్యోగమునకు పోవుదురు. అక్కడ కూర్చున్నవారు అడుగునది ఒక్కటే మాట: నీవు ఏమి చేసితివి? ఆ మాటకు నకలు ప్రతి సమాధానము చెప్పజాలదు.

ఇతరుల ఆటనుండి కారును ఊడబెరికి తనదన్న ఆటగాడును, వెలకు కొన్న ప్రాజెక్టును తనదన్న విద్యార్థియు ఒకే త్రోవన పోవుచున్నారు. తాతగారి అంబాసిడరును కొలిచి, కమాను పట్టీల అంకె నాలుగుసారులు తప్పి, అయిదవసారి సరిచేసినవాని త్రోవ వేరు. వాని బండిని ఎరుగని దేశస్థుడు నడిపి చూచి, బ్రేకు నొక్కినపుడు ముక్కు మరీ వంగుచున్నదని వ్రాయును. వీడు దిద్దును. పరీక్షకులు ఒకసారి కాదందురు, రెండవసారి ఔనందురు. ఇంత అయిన పిమ్మట వానికి సర్టిఫికెట్టు రాదు. ఉద్యోగము తప్పక వచ్చునని చెప్పుటకును నాకు ధైర్యము లేదు. కాని నీవు ఏమి చేసితివి అని అడిగినపుడు వానికి చెప్పుటకు మాట యుండును, చూపుటకు బండి యుండును, ఆ బండిలో ప్రతి అంకెకును కారణము యుండును.

తలిదండ్రులకు ఒక్క మనవి. రాత్రి మీ పిల్లవాడు కంప్యూటరు ముందు కూర్చుండుట చూచి, ఆటలాడుచున్నాడని కోపగించుటకు ముందు, వెనుకనుండి ఒక నిమిషము తెరను చూడుడు. అక్కడ కారు పరుగెత్తుచున్నచో ఆట. ముందున్న పరీక్షనుబట్టి మందలింపవచ్చును. అక్కడ కారు నిలిచియుండి, దాని ప్రక్కను అంకెల వరుసలు, చేతిలో స్కేలు, నేలమీద పాతకారు ఛాయాచిత్రములు ఉన్నచో, అది పని. వానిని అప్పటికి విడువుడు. తీరికయైన పిమ్మట, ఈ బండి ఎట్లు చేసితివని అడుగుడు. వాడు చెప్పుట మొదలుపెట్టినచో, తాతగారి కారును గూర్చి మీకు తెలియని సంగతులు కొన్ని ఆ రాత్రి మీకును తెలియవచ్చును.